డయాలిసిస్ మిషన్ దాకా రాకముందే మమ్మల్ని చూడండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

కిడ్నీ జబ్బును ముందే కనిపెట్టే ఏర్పాటు చేయమని కలెక్టరాఫీసు ప్రజావాణిలో దరఖాస్తు ఇస్తే రసీదు ఇచ్చారు. మళ్లీ ఇస్తే ఇంకో రసీదు ఇచ్చారు. జవాబు మాత్రం రాలేదు. అందుకే నలుగురూ చదివేలా మీకే రాస్తున్నాను.

మాది భూపాలపల్లి వైపు పల్లె. మా బాపుకు కిడ్నీలు పనిచేయక వారానికి మూడుసార్లు డయాలిసిస్. ఆరోగ్యశ్రీ ఉంది, పింఛను వస్తోంది, అందుకు కృతజ్ఞతలు. నా బాధ మిషన్ గురించి కాదు సార్. అసలు మిషన్ దాకా ఎందుకు రావాల్సి వచ్చిందన్నదే.

బాపుకు ఏళ్లుగా షుగరు. దవాఖానకు పోయినప్పుడల్లా బీపీ చూశారు, షుగరు చూశారు, గోలీలు ఇచ్చారు. మూత్రంలో ప్రొటీన్ పోతోందా అని మాత్రం ఒక్కసారీ చూడలేదు. మోకాళ్ల నొప్పులంటే ఊళ్లో ఆర్ఎంపీ ఇచ్చిన నొప్పి గోలీలు మింగుతూ పోయాడు. అవి కిడ్నీని దెబ్బతీస్తాయని మాకు చెప్పిన వాళ్లు లేరు. చివరికి కాళ్లు ఉబ్బి, అన్నం సయించక, ఆయాసం ఆగకపోతే వరంగల్ తీసుకొచ్చాం. ఆ రోజే మెడ దగ్గర పైపు వేసి డయాలిసిస్ మొదలుపెట్టారు. ఇంత లేటుగా తెస్తారా అని డాక్టరు కోప్పడ్డారు. ముందే తేవాలని మాకెలా తెలుస్తుంది సార్? కిడ్నీ బయటకు పంపాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో పెరిగేసరికే కిడ్నీ పని దాదాపు సగం పోయి ఉంటుంది. షుగరు ఉన్నవాళ్లలో మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ చాలావరకు అంతకంటే ముందే కనబడుతుంది. ఆ చిన్న పరీక్ష చేసి ఉంటే మా ఇల్లు ఈ రోజు ఇలా ఉండేది కాదేమో.

డయాలిసిస్ హాల్లో పక్క బెడ్ల వాళ్లను అడిగినా చాలామందిది ఇదే కథ. సాయంత్రం మిషన్ మీంచి దిగి, వణుకుతూ బస్సు ఎక్కే వాళ్లను మీరొకసారి వచ్చి చూడాలి.

ఇదివరకటిలా కిడ్నీ జబ్బుకు మందే లేదని చెప్పే రోజులు పోయాయి. 2020లో వచ్చిన ఒక పెద్ద ట్రయల్‌లో 4,304 మంది కిడ్నీ రోగులపై పరిశోధన చేస్తే, డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగరు గోలీ వాడిన వాళ్లలో, వాడని వాళ్లతో పోలిస్తే, కిడ్నీ పని సగానికి సగం పడిపోవడం, డయాలిసిస్ దాకా రావడం, కిడ్నీ లేదా గుండె జబ్బుతో చనిపోవడం, ఇవన్నీ కలిపి 39 శాతం తగ్గాయి. షుగరు లేని కిడ్నీ రోగుల్లోనూ అది పనిచేసింది. అదే ఏడాది మన దేశంలో దాని పేటెంట్ అయిపోయి ధర దిగింది. 2024లో సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ కూడా షుగరు ఉన్న కిడ్నీ రోగులకు మేలు చేస్తుందని తేలింది. కానీ ఇవి జబ్బును నెమ్మది చేస్తాయి, పోయిన కిడ్నీని తిరిగి తేలేవు. ముందే కనిపెట్టకపోతే ఎంత మంచి గోలీ ఉన్నా మా వాళ్లకు ఏం లాభం?

తేలనివీ ఉన్నాయి. షుగరు, బీపీ లేకున్నా కిడ్నీలు చెడుతున్నాయి. శ్రీకాకుళం ఉద్దానంలో ఎండా, నీళ్లా, పురుగుమందులా అని ఏళ్లుగా వెతుకుతున్నా కారణం ఇంకా తేలలేదు. అయినా అక్కడ వెతుకుతున్నారు, 2023లో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం కూడా తెరిచారు. మా హాల్లో పత్తి చేన్లలో పనిచేసే ఒక పిల్లగాడికి షుగరు లేదు, బీపీ లేదు. నీకెందుకొచ్చిందని వాణ్ని అడిగిన వాళ్లు లేరు.

సార్, పల్లె దవాఖానలో షుగరు, బీపీ ఉన్న ప్రతి ఒక్కరికీ ఏడాదికోసారి మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ చూడమని ఆర్డరు ఇవ్వండి. డాపాగ్లిఫ్లోజిన్‌ను పీహెచ్‌సీ మందుల్లో చేర్చండి. ఏ ఊరి నుంచి, ఏం పనిచేసే వాళ్లు, ఏ కారణంతో డయాలిసిస్‌కు వస్తున్నారో ప్రతి సెంటర్లో రాయించండి, ఆ లెక్కలు కాకతీయ మెడికల్ కాలేజీ వాళ్లకు ఇచ్చి అధ్యయనం చేయించండి. నొప్పి గోలీల గురించి ఆశా అక్కలతో ఊరూరా చెప్పించండి. మా బాపుకు ఇక ఇవేవీ పనికిరావు, తెలుసు. మా ఊళ్లో షుగరు ఉన్నవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. ఈసారి రసీదు కాదు, జవాబు ఇవ్వండి.

ఇట్లు,
ఒక డయాలిసిస్ పేషెంటు కొడుకు,
జయశంకర్ భూపాలపల్లి జిల్లా