మన కాలనీ సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాది పిల్లల రక్త పరీక్షల సంగతి

సభ్యులందరికీ నమస్కారం. రోడ్డు చివర కాలవ పూడిక తీయించాం, ఆగిపోయిన వీధి దీపాలు మళ్ళీ వెలుగుతున్నాయి, వినాయక చవితి ఎప్పట్లాగే బాగా జరిగింది, జమాఖర్చుల పుస్తకం కోశాధికారి గారి ఇంట్లో ఉంది, ఎవరైనా ఎప్పుడైనా వెళ్ళి చూసుకోవచ్చు. వీటి గురించి ఇంతకంటే రాయను ఎందుకంటే ఈ ఏడాది నిజంగా చెప్పాల్సింది ఒక్కటే, మన హైస్కూల్ పిల్లలకి చేయించిన రక్త పరీక్షల గురించి.

ఇది ఎలా మొదలైందంటే, నిరుడు వేసవిలో మన కాలనీలో ఒకావిడ తొమ్మిదో తరగతి చదివే కూతురిని సంఘం ఆఫీసు దగ్గరికి తీసుకొచ్చి "ఎంత తోమినా పోట్లేదేటండీ ఈ నలుపు" అని అడిగారు. ఆ గుంట మెడ వెనక మడతల్లో నల్లగా, ముట్టుకుంటే మందంగా మెత్తగా ఉంది, పక్కన సున్నిపిండితో రుద్ది రుద్ది ఎర్రగా కందిపోయింది కూడా. పిల్ల తల ఎత్తట్లేదు. స్కూల్లో స్నానం చెయ్యవా అంటున్నారంట. మన కాలనీ డాక్టర్ గారు అక్కడే ఉన్నారు, చూడగానే అమ్మా ఇది మురికి కాదు, రుద్దడం ఆపెయ్యండి, ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువైనప్పుడు చర్మం ఇలా మందంగా నల్లబడుతుంది, అకాంథోసిస్ నైగ్రికాన్స్ అంటారు అన్నారు. పిల్లేమో బక్క పిల్ల. షుగర్ పరీక్ష చేస్తే నార్మల్ వచ్చింది. తల్లి హమ్మయ్య అనుకుంది కానీ డాక్టర్ గారు అనుకోలేదు.

ఎందుకు అనుకోలేదో ఆయన మన మీటింగ్‌లో చెప్పిన మాట నాకు అలాగే గుర్తుండిపోయింది. వీధిలో ఆడుకునే పిల్లాడిని తల్లి అన్నానికి పిలుస్తుంది, ఒకసారి పిలిస్తే రాడు, పదిసార్లు అరిస్తే వస్తాడు, వచ్చాడు కదా అని మనం అనుకుంటాం గానీ తల్లి గొంతు పోయిన సంగతి చూడం. ఇన్సులిన్ కూడా అంతే, రక్తంలో షుగర్‌ని అదుపులో పెట్టమని కండరాలకి, లివరుకి చెప్పేది అదే, అవి దాని మాట సరిగా వినకపోతే ఇన్సులిన్ తయారుచేసే ప్యాంక్రియాస్ ఇంకా ఇంకా ఇన్సులిన్ వదుల్తుంది, షుగర్ మాత్రం ఏళ్ళ తరబడి నార్మల్‌గానే కనిపిస్తుంది, ప్యాంక్రియాస్ అలిసిపోయాక అప్పుడు షుగర్ పెరుగుతుంది. అంటే షుగర్ చూసి తెలుసుకునేసరికి చాలా ఆలస్యం అయిపోయినట్టే. ఐసీఎమ్ఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సర్వే 2023లో వచ్చింది, దేశంలో 10 కోట్ల పైన మందికి షుగరు, ఇంకో 13 కోట్ల పైన మంది దాని గడప దగ్గర ఉన్నారంట. వాళ్ళలో కొంతమందికి ఇది చిన్నప్పుడే మెల్లగా మొదలై ఉండొచ్చు.

బక్కగా ఉన్నవాళ్ళకి రాదు అనుకోవడం కూడా తప్పే. పుణెలో డాక్టర్ యాజ్ఞిక్ వాళ్ళ బృందం 2003లో రాసింది, అక్కడి పల్లెల్లో పుట్టిన పిల్లలు సగటున 2.7 కిలోలు, ఇంగ్లాండ్ సౌతాంప్టన్‌లో పుట్టినవాళ్ళు 3.5 కిలోలు, మనవాళ్ళు అంత చిన్నగా పుట్టినా కండ తక్కువే గానీ కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. అందుకే మనోళ్ళకి బరువు ఒక్కటే చూస్తే సరిపోదు.

మరి ఇన్సులిన్ పరీక్షే చేయించొచ్చు కదా అని చాలామంది అడిగారు. పొద్దున్నే పరగడుపున ఇన్సులిన్, షుగర్ రెండూ తీసి గుణించి 405తో భాగిస్తే హోమా అని ఒక లెక్క వస్తుంది, 1985లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు పెట్టింది, ఉదాహరణకి ఇన్సులిన్ 18, షుగర్ 90 అయితే 4. ఈ నంబరు ఎంత పెద్దదైతే ఒళ్ళు ఇన్సులిన్ మాట అంత వినట్లేదన్నమాట, కింద చెప్పే లెక్కలూ అంతే. మంచి లెక్కే, కానీ ఇన్సులిన్ పరీక్ష ఖరీదు, ఒక ల్యాబ్‌కీ ఇంకో ల్యాబ్‌కీ నంబర్లు కలవవు, ఇంతమంది పిల్లలకి మన వల్ల కాదు. 2008లో మెక్సికో డాక్టర్లు ఇంకో దారి చెప్పారు, ఏ ల్యాబ్‌లోనైనా చేసే ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు), పరగడుపు షుగర్, ఈ రెండూ గుణించి సగం చేసి దానికి సహజ లాగరిథమ్ (క్యాలిక్యులేటర్‌లో ln) తీస్తే చాలు, టీవైజీ అంటారు. ఇంకా తేలిక ట్రైగ్లిజరైడ్స్‌ని హెచ్‌డీఎల్‌తో భాగించడం. లివరు మీద ఇన్సులిన్ అదుపు సరిగా లేకపోతే ట్రైగ్లిజరైడ్స్ పెరుగుతాయి, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ తగ్గుతుంది, అదే దీని వెనక ఉన్న కిటుకు. ఉదాహరణకి షుగర్ 84, ట్రైగ్లిజరైడ్స్ 70, హెచ్‌డీఎల్ 50 ఉన్న పిల్లకి టీవైజీ 8 లోపు, భాగిస్తే 1.4. అదే షుగర్ 90, ట్రైగ్లిజరైడ్స్ 150, హెచ్‌డీఎల్ 38 అయితే టీవైజీ 8.8, భాగిస్తే దాదాపు 4. ఇద్దరి షుగరూ నార్మలే చూడండి, 84కీ 90కీ తేడా ఏముంది, కానీ రెండో పిల్ల గురించి ఆలోచించాల్సిందే.

ఇక్కడ సభ్యులంతా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇంకోటుంది. ల్యాబ్ కాగితం మీద ట్రైగ్లిజరైడ్స్ పక్కన 150 లోపు నార్మల్ అని అచ్చు వేసి ఉంటుంది, అది పెద్దవాళ్ళ లెక్క. అమెరికాలో పిల్లల డాక్టర్లకి 2011లో ఇచ్చిన సూచనల ప్రకారం 10 నుంచి 19 ఏళ్ళ వాళ్ళకి 90 లోపు ఉంటే బాగున్నట్టు, 130, ఆపైన ఉంటే ఎక్కువ ఉన్నట్టు. అంటే పన్నెండేళ్ళ పిల్లాడికి 140 వస్తే కాగితం నార్మల్ అంటుంది, మనం సంచిలో పెట్టేసుకుంటాం. ఈ ఒక్క ముక్క కోసమైనా ఈ నివేదిక దాచుకోండి.

పని ఎలా జరిగిందో కూడా ఉన్నది ఉన్నట్టు చెప్తాను. సిరిమానోత్సవం అయిన మర్నాడే పెడదాం, అందరూ ఊళ్ళోనే ఉంటారు అనుకున్నాం, డాక్టర్ గారు వద్దన్నారు, పైడితల్లి అమ్మవారి పండక్కి చుట్టాలొచ్చి రాత్రి పిండివంటలు, మాంసం తిని పొద్దున్నే రక్తం ఇస్తే ట్రైగ్లిజరైడ్స్ ఎవరికైనా పెరుగుతాయి కదా. సరే అని వెనక్కి జరిపాం. తల్లిదండ్రుల సంతకాలు తీసుకున్నాం, పిల్లలు సరే అంటేనే సూది. రాత్రి ఎనిమిదికి తినేసి పొద్దున మంచినీళ్ళు తప్ప ఏమీ వద్దని ఇంటింటికీ చెప్పాం, అయినా మొదటి రోజు చాలామంది టీ బిస్కెట్ తినేసి వచ్చారు, నానమ్మలు ఖాళీ కడుపుతో పంపరు కదండీ, వాళ్ళని తప్పుపట్టలేం. ఆ పిల్లల్ని ఇంకో శనివారం రమ్మన్నాం, రక్తం ఇచ్చిన ప్రతి పిల్లకీ అక్కడే ఇడ్లీ పెట్టాం.

రెండో ఇబ్బంది మాత్రం నన్ను బాగా బాధపెట్టింది. మొదటి విడత ఫలితాల్లో షుగర్లు ఒకదాని వెంట ఒకటి మరీ తక్కువ వచ్చాయి, ఆరా తీస్తే మేం మాట్లాడుకున్న ల్యాబ్ మనిషి అందరి రక్తం మామూలు ట్యూబుల్లోనే తీసి పెట్టెలో పడేసి ఊరంతా తిరిగి మధ్యాహ్నానికి ల్యాబ్‌కి చేర్చాడంట. ట్యూబులో ఉన్న రక్త కణాలు షుగర్‌ని తింటూనే ఉంటాయి, గంటకి 5 నుంచి 7 శాతం దాకా పోతుంది, అందుకే షుగర్‌కి ఫ్లోరైడ్ ఉన్న బూడిద రంగు మూత ట్యూబు వాడాలి లేదా తొందరగా సీరం (కణాలు లేని పైన తేలే ద్రవం) వేరు చెయ్యాలి. అంత కష్టపడి పిల్లలు పస్తు ఉండి ఇచ్చిన రక్తం అది. మళ్ళీ ఆ పిల్లల్నే పిలిచి గుచ్చాల్సి వచ్చింది, తల్లిదండ్రులందరికీ సంఘం తరఫున మరోసారి క్షమాపణ చెప్తున్నాను, రెండోసారి నేనే బూడిద మూతలు లెక్కపెట్టి ఇచ్చాను.

రక్తం కాకుండా దారంతో కూడా ఒక పరీక్ష చేశాం, ఇది ఇంట్లో మీరూ చెయ్యొచ్చు. పురికొస తీసుకుని పిల్లాడి ఎత్తుకి సరిగ్గా కోసి, మధ్యకి మడిచి, ఆ సగం దారం నడుం చుట్టూ తిప్పితే రెండు కొసలూ కలవాలి. కలవకపోతే పొట్ట దగ్గర కొవ్వు ఎక్కువ ఉన్నట్టు. ఆరో తరగతి పిల్లలు దీన్ని ఆటలా ఒకళ్ళకొకళ్ళు చేసేసుకున్నారు, టీచర్ గారు ఎవర్నీ ఎగతాళి చెయ్యకూడదు అని ముందే గట్టిగా చెప్పబట్టి బాగా జరిగింది.

ఎంతమందికి ఏం వచ్చిందో ఇక్కడ రాయట్లేదు. మన కాలనీ చిన్నది, తరగతి చెప్తే పిల్ల తెలిసిపోతుంది, ఆడపిల్లల విషయంలో రేపు సంబంధాలప్పుడు ఇది ఎవరి నోట్లోనూ నానకూడదు. ఎవరి కాగితం వాళ్ళ తల్లిదండ్రుల చేతికే ఇచ్చాం, డాక్టర్ గారు ఒక్కొక్కరితో విడిగా మాట్లాడారు. ఇంకో మాట, ఈ లెక్కలు జబ్బు ఉందని చెప్పవు, చూడమని మాత్రం చెప్తాయి. ఎదిగే వయసులో, పెద్దమనిషయ్యే రోజుల్లో ఇన్సులిన్ మాట కొంత వినకపోవడం ఎవరికైనా ఉండేదే, తర్వాత చాలావరకు సర్దుకుంటుంది. ఇంత దాటితే అని అందరూ ఒప్పుకున్న గీత పిల్లలకి ఇంకా లేదు. అందుకే ఎక్కువ వచ్చినవాళ్ళకి ఏ మందూ చెప్పలేదు, మూడు నెలల తర్వాత మళ్ళీ చేద్దాం అన్నారు.

ఈలోగా ఏం చెయ్యాలి అంటే పెద్ద విశేషం ఏమీ లేదు. బడి ముందు అమ్మే పావు లీటరు కూల్‌డ్రింక్‌లో ఐదారు చెంచాల చక్కెర ఉంటుంది, అది మానిపించండి, సాయంత్రం గంటసేపు ఆడనివ్వండి, ట్యూషన్ టైం కాస్త వెనక్కి జరిపినా ఫరవాలేదు. పొద్దున్నే మన చోడి (రాగి) అంబలి బెల్లం తక్కువేసి ఇవ్వండి, దాంతోపాటు గుడ్డో పప్పో ఉండాలి. గ్రౌండ్‌లో ఇటుకలు, ఇసుక తీయించే పని సంఘం చూసుకుంటుంది, ఇప్పటికే సగం అయింది.

ఆ తొమ్మిదో తరగతి పిల్ల ఇప్పుడు పదిలోకి వచ్చింది, రోజూ సాయంత్రం మన గ్రౌండ్‌లో కబడ్డీ ఆడుతోంది, మెడ నలుపు ఇంకా ఉంది గానీ మందం తగ్గింది, జడ ముందుకి వేసుకుని దాచుకోవడం మానేసింది. వాళ్ళమ్మ చెప్పమంటేనే ఇది రాస్తున్నాను.

రెండో విడత రావాల్సిన పిల్లల తల్లిదండ్రులకి ఫోన్లు చేస్తాం. పాత కాగితం తప్పకుండా తీసుకురండి, ముందు రాత్రి ఎనిమిదికల్లా అన్నం పెట్టెయ్యండి, నానమ్మలకి కూడా ఒక మాట చెప్పండి.

ఇట్లు,
కార్యదర్శి, విజయనగరం