డాష్‌బోర్డు ముల్లు చెప్పని ఉష్ణోగ్రత: పికప్ ట్రక్కుపై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం అధిపతి గారికి,

విషయం: ఇంజిన్ చాలినంత వేడెక్కడం లేదన్న ఫిర్యాదును సరిగా పరీక్షించకుండా మూసివేయడం, మాన్యువల్‌లో సాధారణ ఉష్ణోగ్రతలు ఇవ్వకపోవడం.

అయ్యా,

మీ కంపెనీ తయారుచేసిన పెట్రోలు పికప్ ట్రక్కు వాడుతున్నాను. వారంటీ ఇంకా ముగియలేదు. ఇంజిన్ వేడెక్కిపోతోందని మీకు ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. నా సమస్య దానికి తలకిందులు: బండి రోడ్డు మీద ఉండగా ఇంజిన్‌కు ఉండవలసినంత వేడి ఉండడం లేదు. ఈ మాట మీ సర్వీస్ సెంటర్‌లో చెబితే నవ్వారు. అందుకే ఇప్పుడు అంకెలతో రాస్తున్నాను.

ఖాళీ బండితో చదునైన రోడ్డు మీద ఒకే వేగంతో వెళుతున్నప్పుడు కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ఉష్ణోగ్రత 70, 74 డిగ్రీల సెల్సియస్ మధ్య ఊగిసలాడుతోంది. ట్రాఫిక్‌లో ఆగితే మెల్లగా 85 దాటుతుంది. బండి కదిలి రేడియేటర్‌కు గాలి తగలగానే మళ్లీ పడిపోతుంది. మీ విడిభాగాల వివరాల ప్రకారం ఈ మోడల్ థర్మోస్టాట్ 88 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలుపెట్టాలి. అంతవరకూ అది మూసుకుని ఉండి, కూలెంట్‌ను రేడియేటర్ వైపు పోనివ్వకుండా ఇంజిన్‌లోనే తిప్పాలి. ఆ పని సక్రమంగా జరుగుతుంటే ఒకసారి వేడెక్కిన ఇంజిన్ మళ్లీ 70కి దిగవలసిన అవసరమే లేదు.

రాత్రంతా ఆగి ఉన్న బండిని స్టార్ట్ చేసి, థర్మోస్టాట్ నుంచి రేడియేటర్‌కు వెళ్లే లావుపాటి గొట్టాన్ని తడిమి చూశాను. థర్మోస్టాట్ బాగుంటే ఆ గొట్టం చాలాసేపు చల్లగానే ఉండి, అది తెరుచుకున్నాక ఒక్కసారిగా కాలుతుంది. నా బండిలో ఇంజిన్‌తో పాటే గొట్టం కూడా మొదటినుంచీ కొద్దికొద్దిగా వేడెక్కింది. థర్మోస్టాట్ తెరుచుకున్న స్థితిలోనే బిగుసుకుపోయిందని అనుమానించడానికి ఇంతకంటే ఏం కావాలి?

మీ సర్వీస్ సెంటర్ చేసిన పరీక్ష ఏమిటంటే, బండిని నిలబెట్టిన చోటే స్టార్ట్ చేయడం, డాష్‌బోర్డులోని ఉష్ణోగ్రత ముల్లు మధ్యకు రాగానే జాబ్ కార్డులో ‘లోపం లేదు’ అని రాసి తాళంచెవి నా చేతిలో పెట్టడం. ఈ లోపం బయటపడేదే రేడియేటర్‌కు ఎదురుగాలి కొట్టినప్పుడు. షెడ్డులో ఎంతసేపు నిలబెట్టినా కనిపించదు. బండి కంప్యూటర్‌లో లోపం కోడ్ నమోదు కాలేదని కూడా అన్నారు. కోడ్ నమోదు కావడానికి సాఫ్ట్‌వేర్‌లో కొన్ని షరతులు ఉంటాయి. అవి తీరకపోతే లోపం ఉన్నా కోడ్ రాదు.

ఇక ఆ ముల్లు సంగతి. నేను ఇచ్చిన అంకెలు మీ బండి కంప్యూటర్‌లోవే. స్టీరింగ్ కింద ఉన్న, ఆ కంప్యూటర్ సమాచారం చదవడానికి పెట్టిన ఓబీడీ సాకెట్‌కు చిన్న స్కానర్ తగిలిస్తే ఫోనులో కనిపిస్తాయి. కూలెంట్ 72 డిగ్రీల దగ్గర ఉన్నా, బరువుతో కొండ దారి ఎక్కుతూ 104కు చేరినా ముల్లు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు సరిగ్గా నడిమధ్యనే ఉంటుంది. చిన్న మార్పులకే డ్రైవర్లు కంగారుపడి పరుగెత్తుకు రాకూడదని చాలా కంపెనీలు ఇలా చేస్తాయని తెలుసు. నిజానికి ఆ 104 గురించి నాకు ఏ బెంగా లేదు. నీళ్లు, యాంటీఫ్రీజ్ (నీళ్లు గడ్డకట్టకుండా కలిపే ద్రవం) చెరిసగం కలిపిన కూలెంట్, రేడియేటర్ మూత 1 బార్ ఒత్తిడిని నిలిపి ఉంచితే, సుమారు 129 డిగ్రీల వరకు మరగదు. ఎత్తు ఎక్కేటప్పుడు 100 దాటి, దిగాక మళ్లీ 90ల్లోకి వస్తే కూలింగ్ వ్యవస్థ తన పని తాను చేస్తున్నట్టే. కానీ 72నూ 104నూ ఒకే చోట చూపించే పరికరాన్ని సాక్ష్యంగా పెట్టి నా ఫిర్యాదును కొట్టిపారేయడం ఎక్కడి న్యాయం?

మాన్యువల్‌లోనైనా దారి దొరుకుతుందేమోనని చూశాను. ఫోనును ఆడియోకు జతచేయడం గురించి పేజీలకు పేజీలు ఉన్నాయి. ఇంజిన్ ఉష్ణోగ్రత గురించి మాత్రం ముల్లు మధ్యలో ఉంటే సాధారణం అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టారు. చదునైన రోడ్డు మీద ఎంత ఉండాలి, బరువు లాగేటప్పుడు ఎంతవరకు పోవచ్చు, ఫ్యాన్ ఎప్పుడు తిరగాలి, ఎంత దాటితే బండి ఆపాలి అన్నవేవీ లేవు. సరుకు మోయడానికి, ట్రైలర్ లాగడానికి కొనే బండికి ఇవి కనీస సమాచారం కావా?

ఇంజిన్ చల్లగా నడిస్తే నష్టమేమిటని మీ సూపర్‌వైజర్ అడిగారు. ఇంజిన్ ఇంకా వేడెక్కే దశలోనే ఉందని కంప్యూటర్ ఎక్కువ పెట్రోలు పంపుతుంది. కాలని పెట్రోలు, ఆవిరై పోని తేమ ఆయిల్‌లో చేరి దాన్ని పాడుచేస్తాయి. నా బండికి మైలేజీ తగ్గింది, హీటర్ నుంచి గోరువెచ్చటి గాలే వస్తోంది. వారంటీ ముగిశాక ఇంజిన్ అరుగుదల బయటపడితే ఆ ఖర్చు ఎవరిది?

బండిని రోడ్డు మీద నడుపుతూ, స్కానర్ రీడింగులు నమోదు చేస్తూ, నా ఎదుటే పరీక్షించండి. థర్మోస్టాట్ చెడినట్టు తేలితే వారంటీ కిందనే మార్చి, పాత జాబ్ కార్డును సరిదిద్దండి. ఈ మోడల్ సాధారణ ఉష్ణోగ్రతల పరిధిని లిఖితపూర్వకంగా తెలపండి. డాష్‌బోర్డు తెరపై అసలు అంకె చూపించే ఏర్పాటును సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో ఇవ్వగలరో లేదో కూడా రాయండి. ఫోనులో ‘చూస్తాం’ అన్న హామీ ఇదివరకే అందింది కాబట్టి, ఈసారి జవాబు కాగితం మీద కావాలి.

జాబ్ కార్డు నకలు, స్కానర్ రీడింగుల చిత్రాలు జతచేశాను.

ఇట్లు,
మీ వినియోగదారు