మందు చేతిలో ఉన్నప్పుడే అడగండి

సంపాదకులకు,

కాకినాడలో ఆడవాళ్ల మెడికల్ వార్డుకు ఇన్‌చార్జి సిస్టర్‌ని. క్లినికల్ పోస్టింగ్‌కు వచ్చే బీఎస్సీ నర్సింగ్ పిల్లల్ని ఏటా చూస్తుంటాను. ఫార్మకాలజీ, అంటే మందుల పాఠం, వాళ్లకు మూడు, నాలుగు సెమిస్టర్లలోనే అయిపోతుంది. మార్కులూ బాగానే వస్తాయి. ఆఖరి ఏడాదికి వచ్చేసరికి చాలావరకు గుర్తుండదు. పిల్లల్ని తిట్టి లాభం లేదు, మధ్యలో మళ్లీ అడిగినవాళ్లే ఉండరు.

ఇన్సులిన్‌నే తీసుకోండి. మన దగ్గర మిల్లీలీటరుకు 40 యూనిట్ల వయల్ (మందు సీసా) ఉంది, 100 యూనిట్లదీ ఉంది. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూతది. 100 యూనిట్ల వయల్ నుంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా, అంటే అర మిల్లీలీటరు, లాగితే రోగి ఒంట్లోకి వెళ్లేది 20 కాదు, 50 యూనిట్లు. పుస్తకంలో చదివిన ఈ లెక్క పరీక్షతోనే పోతుంది. రెండు వయళ్లు, రెండు సిరంజిలు ట్రేలో పెట్టి "ఏది దేనికమ్మా?" అని అడగాలి. వారం పోయాక మళ్లీ, నెల పోయాక ఇంకోసారి.

మందుల రౌండ్‌లో నేను ఇంకో పని చేస్తాను. ఆ మందు ఎందుకో రోగికే చెప్పమంటాను. మొన్న ఒకమ్మాయి గుండె జబ్బున్న మామ్మగారికి లాసిక్స్ ఇస్తూ "డైయూరెటిక్" అంది. మామ్మగారు నా మొహం చూశారు. తర్వాత్తర్వాత ఆ అమ్మాయే, "ఒంట్లో నీరు లాగేస్తుంది, మాటిమాటికీ బాత్రూంకి వెళ్లాల్సొస్తుంది, మంచం మీంచి నెమ్మదిగా లేవండి" అని చెప్పడం మొదలుపెట్టింది. ఓ రోజు నేను అడక్కుండానే, "మేడమ్, మామ్మగారి పొటాషియం రిపోర్టు వచ్చిందా?" అంది. ఆవిడకు డిగాక్సిన్ అనే గుండె మాత్ర కూడా నడుస్తోంది. లాసిక్స్ నీటితో పాటు పొటాషియాన్నీ లాగేస్తుందని, అది తగ్గితే డిగాక్సిన్ మాత్రే విషమవుతుందని ఆ పిల్లకు తట్టింది. నాకు కావలసింది అదే.

వార్డు నిండా రోగులుండి ఇద్దరమే డ్యూటీలో ఉన్న రోజు ఇదంతా కుదరదు, అబద్ధం ఎందుకు? అందుకే ట్యూటర్లు అటెండెన్స్ వేసి వెళ్లిపోకుండా మందుల ట్రాలీ దగ్గర కాసేపు నిలబడాలి. యూనివర్సిటీ వారు కూడా చివరి ఏడాది ప్రాక్టికల్స్‌లో పొటాషియం క్లోరైడ్, హెపారిన్ లాంటి, డోసు తప్పితే ప్రాణం మీదికొచ్చే మందులు ట్రేలో పెట్టి, డోసు లెక్క కట్టించి, దానికి విడిగా మార్కులు వేయాలి. మార్కులుంటేనే కాలేజీలు పట్టించుకుంటాయి.

– ఒక హెడ్ నర్స్, కాకినాడ