తూకానికి వేసే ముందు తెర వెలిగించి చూపండి

సంపాదకులకు,

హైదరాబాద్‌లో ఎడిట్ సూట్లు, ఓబీ వ్యాన్లు (బయటి నుంచి ప్రసారాలు చేసే బండ్లు), కంట్రోల్ రూములు కొత్త సామగ్రికి మారినప్పుడల్లా పాత వీడియో మానిటర్లు బయటికొస్తాయి. వాటిని యూపీఎస్‌లు, కేబుల్ చుట్టలు, విరిగిన ర్యాకులతో కలిపి ఒకే స్క్రాప్ లాటుగా వేలం వేయడం అలవాటైపోయింది. లాటు పాడుకున్న వ్యాపారి మానిటర్‌కు కరెంటు ఇచ్చి, తెర నీలంగా వెలగగానే ఫొటో తీసి ‘వర్కింగ్ కండిషన్’ అని అమ్ముతాడు. నీలం తెర వల్ల పవర్ సప్లై బతికుందని మాత్రమే తెలుస్తుంది. బొమ్మ ఎలా వస్తుందో, రంగులు నిలుస్తాయో లేదో తెలియదు. అప్పుడే ఎడిటింగ్ గది తెరుచుకున్న కుర్రాళ్లు ఆ ఫొటో చూసి డబ్బు కట్టేస్తున్నారు. మంచి మానిటర్లు ఇనుప కొట్టుకు, చచ్చినవి ఎడిటింగ్ టేబుల్ మీదికి చేరుతున్నాయి. ఇది ఆగాలనే ఈ ఉత్తరం.

ఏ రకం కావాలో ముందే తేల్చుకోవాలి. ఈనాటి ఎడిటింగుకు, రంగులు దిద్దడానికి పిక్చర్ ట్యూబ్ మానిటర్ అక్కర్లేదు. పాత వీడియో గేముల ప్రియులు అమెరికా, యూరప్‌లలో సోనీ ట్రినిట్రాన్ ట్యూబుల ధర పెంచారు. ఆ ధరలు చూసి ఇక్కడా ఎక్కువ చెబితే నమ్మవద్దు. మన దగ్గర ట్యూబ్ నిజంగా అవసరమైంది పాత టేపులను డిజిటల్‌లోకి మార్చేవాళ్లకు. 1995లో ప్రైవేటు తెలుగు చానళ్లు మొదలైన తరువాత ఏళ్ల తరబడి కార్యక్రమాలు టేపుల మీదే నడిచాయి. ఊరూరా పెళ్లి వీడియోలు వీహెచ్‌ఎస్, డీవీ టేపుల్లో ఉన్నాయి. ఆ బొమ్మకు 625 గీతలు, సెకనుకు 50 ఫీల్డులు: ఒక ఫీల్డులో బేసి గీతలు, తరువాతి దానిలో సరి గీతలు. మార్చేటప్పుడు ఫీల్డుల వరుస తారుమారైతే ట్యూబ్ మీద కదిలే మనిషి ముందుకూ వెనక్కూ వణుకుతాడు, చూసిన క్షణంలో తెలిసిపోతుంది. ఎల్‌సీడీ రెండు ఫీల్డులనూ కలిపి నున్నగా చూపిస్తుంది కాబట్టి తప్పు దాక్కోవచ్చు. వందో టేపు దగ్గర బయటపడితే మళ్లీ మొదటి టేపుకు పోవాల్సిందే. సోనీ 2008లో ట్రినిట్రాన్ తయారీ ఆపేసింది కనుక ఇప్పుడు దొరికేది ఉన్న సరుకే.

ట్యూబ్ మానిటర్ కొనేటప్పుడు మోడల్ పేరు పూర్తిగా అడగండి. సోనీ పీవీఎం-14ఎల్2 అంటే 14 అంగుళాలు, 600 గీతల స్పష్టత (ఇది తెర ఎంత సన్నటి వివరం చూపగలదో చెప్పే కొలత, పైన చెప్పిన 625 గీతలు వేరు). పీవీఎం-20ఎల్5 అంటే 20 అంగుళాలు, 800 గీతలు. ఇది హెచ్‌డీ కూడా తీసుకుంటుంది, కానీ హెచ్‌డీ-ఎస్‌డీఐ (స్టూడియోల్లో ఒకే కేబుల్ మీద డిజిటల్ బొమ్మ పంపే పద్ధతి) కావాలంటే బీకేఎం-142హెచ్‌డీ కార్డు విడిగా ఉండాలి. సోనీ బీవీఎం-డీ వరసవి ఇంకా మేలైనవి. అయితే వాటికి ఇన్‌పుట్ కార్డులు వేరు, బీకేఎం-10ఆర్ లాంటి కంట్రోల్ ప్యానెల్ వేరు. ప్యానెల్ లేకుండా పెట్టె ఒక్కటే అమ్మితే అది సగం మానిటర్. తరువాత విడిగా ప్యానెల్ వెతుక్కోవడం పెట్టె వెతకడం కన్నా కష్టం. మోడల్ చివర ‘ఎండీ’ ఉంటే ఆసుపత్రి నుంచి వచ్చిందని అర్థం. బొమ్మ మంచిదే ఉంటుంది గానీ రోగి వివరాలు పడే మూలలో ఆ అక్షరాల ముద్ర తెర మీద నిలిచిపోయిందేమో చూడాలి. వెనక లేబుల్ మీద 100–240 వోల్టులు అని ఉందా, 120 మాత్రమేనా అన్నది చదవకుండా ప్లగ్ పెట్టకండి.

పరీక్ష చల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. మీరు వెళ్లేసరికే ఆన్ చేసి ఉంచారేమో వెనక గాలి రంధ్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. అరిగిన ట్యూబ్ వేడెక్కాక కొంతసేపు బాగానే నటిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు మసకగా మొదలై, తెలుపు కుదరడానికి పావుగంట పైన తీసుకుంటే ఎమిషన్ (ట్యూబ్ ఎలక్ట్రాన్లు చిమ్మే శక్తి) పోయినట్టే. తెల్లటి అక్షరాల పక్కన ఎరుపు తోకలా సాగితే ఎరుపు గన్ను (ట్యూబులో ఎరుపు కోసం ఎలక్ట్రాన్లు చిమ్మే భాగం) అలసింది, దాన్ని ఏ స్క్రూ బాగుచేయలేదు. ముదురు బూడిదలో మాత్రమే రంగు మరక పడుతుంటే అది బయాస్ (చీకటి భాగాల్లో రంగుల సమతూకం) సర్దుబాటు, బాగవుతుంది. ఈ రెంటికీ తేడా తెలియక మంచివి వదిలేసి చెడ్డవి కొంటున్నారు. అరిగిన ట్యూబును మెరిపించడానికి లోపల స్క్రీన్ వోల్టేజి పెంచడం పాత మాయ. నలుపు బూడిదగా మారి, చీకటి బొమ్మలో ఏటవాలుగా సన్నటి తెల్లగీతలు కనిపిస్తే ఆ పని చేసినట్టే లెక్క.

మూలల్లో ఊదా, పచ్చ మరకలుంటే డీగాస్ బటన్ (తెరకు అంటిన అయస్కాంతత్వాన్ని పోగొట్టేది) నొక్కండి. ఒకసారికి పోకపోతే పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ నొక్కాలి. లోపలి థర్మిస్టర్ (వేడిని బట్టి కరెంటును తగ్గించే భాగం) చల్లారకుండా నొక్కితే ఏమీ జరగదు. ట్రినిట్రాన్ తెర మీద అడ్డంగా వెంట్రుకలా కనిపించే ఒకటి రెండు గీతలు లోపం కాదు. లోపలి గ్రిల్‌ను అదరకుండా పట్టి ఉంచే తీగలు అవి. వీటిని చూపి ధర తగ్గించమని బేరమాడేవాళ్లున్నారు, అది అన్యాయం. పరీక్ష కోసం మూత మాత్రం విప్పవద్దు. యానోడ్ (ట్యూబుకు అధిక వోల్టేజి అందే చోటు) దగ్గర 20 వేల వోల్టుల స్థాయి ఉంటుంది, ప్లగ్ తీసినా కొంత నిలిచే ఉంటుంది.

ఎల్‌సీడీ, ఓఎల్‌ఈడీలకు వస్తే గంటల లెక్క ముఖ్యం. పానాసోనిక్ బీటీ-ఎల్‌హెచ్ వరసలో మెనూలోనే గంటల మీటరు కనిపిస్తుంది. మీటరున్న ఏ మోడలైనా అది చూపించకుండా అమ్మేవాడి దగ్గర కొనవద్దు. పాత ఎల్‌సీడీల వెనక దీపం సన్నటి ఫ్లోరసెంట్ ట్యూబు, అది వాడేకొద్దీ మసకబారి పసుపు తిరుగుతుంది. తెల్ల తెర పెట్టి, బ్యాక్‌లైట్ చివరిదాకా తిప్పి, ప్రోబ్‌తో (వెలుగు, రంగు కొలిచే పరికరం) కొలవండి. చదరపు మీటరుకు 100 క్యాండెలాల వెలుగు కూడా రాకపోతే రంగులు దిద్దే పనికి అది పనికిరాదు. ఓఎల్‌ఈడీకి 20 శాతం బూడిద తెర పెట్టి గది చీకటి చేయండి. చానల్ లోగో, టైమ్‌కోడ్ (బొమ్మ సమయం చూపే) అంకెలు, సేఫ్ ఏరియా (బొమ్మ అంచుల హద్దు) గీతలు తెర మీద ముద్ర పడి ఉంటే అప్పుడు నీడలా తేలతాయి. మామూలు బొమ్మ మీద అవి కనిపించవు. సోనీ ఓఎల్‌ఈడీలకు ఇంకో మెలిక ఉంది. ప్రోబ్‌తో డీ65 తెలుపు (వీడియోకు ప్రామాణిక తెలుపు, రంగు కొలతలో 0.3127, 0.3290) సరిగ్గా కుదిర్చినా కంటికి పచ్చగా అనిపిస్తుంది. అందుకే సోనీయే 0.3067, 0.318కి సరిచేయమంది. ఇది తెలియక ప్యానెల్ పాడైందని తిప్పి పంపినవాళ్లూ ఉంటారు. బీవీఎం-ఈ250 కొంటుంటే బీకేఎం-16ఆర్ కంట్రోల్ ప్యానెల్ ఉందో లేదో అడగడం మరవవద్దు.

‘సిగ్నల్ ఇచ్చినా నల్లగానే ఉంది, చచ్చిపోయింది’ అన్న మానిటర్లలో కొన్ని నిక్షేపంగా ఉంటాయి. ల్యాప్‌టాప్ మామూలుగా 1080 గీతలు, 60 ఫ్రేములు పంపుతుంది. దాన్ని హెచ్‌డీఎంఐ నుంచి ఎస్‌డీఐకి మారిస్తే అది 3జీ-ఎస్‌డీఐ, అంటే సెకనుకు 2.97 గిగాబిట్లు. పాత హెచ్‌డీ-ఎస్‌డీఐ మానిటర్ 1.485 దాకానే తీసుకుంటుంది, ఇంకా పాతవి 270 మెగాబిట్ల ఎస్‌డీ మాత్రమే. అందుకని ముందు 1080 గీతలు 25 ఫ్రేములు, లేదా 720 గీతలు 50 ఫ్రేములు పంపి చూడండి. 24 ఫ్రేములు పంపితే కొన్ని మానిటర్లు పీఎస్‌ఎఫ్ (ఒక్కో ఫ్రేమును రెండు భాగాలుగా పంపే) రూపంలోనే తీసుకుంటాయి. నలుపులన్నీ ముద్దగా కలిసిపోతే తప్పు మానిటర్‌ది కాకపోవచ్చు. ల్యాప్‌టాప్ నలుపు నుంచి తెలుపు దాకా 0–255 మెట్లలో పంపుతుండవచ్చు, దాన్ని వీడియో పద్ధతి ప్రకారం 16–235కి మార్చాలి. కేబుల్ 75 ఓమ్‌ల బీఎన్‌సీ (మెలితిప్పి బిగించే కనెక్టర్)దే కావాలి. 50 ఓమ్‌ల కేబుల్ పెడితే బొమ్మలో మెరుపు చుక్కలు పడే ప్రమాదం ఉంది. కాంపోజిట్‌లో (పాత అనలాగ్ సిగ్నల్) బొమ్మ మరీ తెల్లగా వెలిగిపోతే వెనక 75 ఓమ్‌ల టర్మినేషన్ (కేబుల్ చివర సిగ్నల్‌ను సరిగ్గా ముగించే) స్విచ్ ఆఫ్‌లో ఉందేమో చూడండి. సంచిలో ల్యాప్‌టాప్, కన్వర్టర్, రెండు కేబుళ్లు, కలర్ బార్లు (పరీక్షకు వాడే రంగు పట్టీలు), 5 నుంచి 100 శాతం దాకా బూడిద తెరలు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం తెరలు ఉంటే చాలు.

ఎక్కడ దొరుకుతాయంటే, కృష్ణానగర్, ఫిల్మ్‌నగర్ పరిసరాల్లో మూతపడే ఎడిటింగ్ గదులే మొదటి చోటు. దుకాణం కన్నా వాడినవాళ్ల దగ్గర కొనడం మేలు. అది ఏ గదిలో, రోజుకు ఎన్ని గంటలు వెలిగిందో వాళ్లకు తెలుసు. చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్‌పీ రోడ్డులలోనూ వెతకవచ్చు. ప్రభుత్వరంగ సంస్థల పాత సామాను కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ నడిపే ఈ-వేలాల్లో వస్తుంది. వాటిలో లాటు మొత్తం పాడుకోవాలి కాబట్టి నలుగురు కలిసి పాడుకోవడం మంచిది. తనిఖీకి ఇచ్చిన రోజున తప్పకుండా వెళ్లాలి.

తీసుకెళ్లేటప్పుడు 20 అంగుళాల ట్యూబ్ దాదాపు 30 కిలోలుంటుంది, బరువంతా గాజు వైపే. తెర మీ ఛాతీ వైపు ఉండేలా ఇద్దరు పట్టుకోండి. బండిలో మందపాటి స్పాంజి మీద తెర కిందికి ఉండేలా బోర్లా పెట్టండి. వెనక ట్యూబు మెడకు దెబ్బ తగిలి చిట్లితే లోపలికి గాలి చేరుతుంది, ఆ మానిటర్ ఇక వెలగదు.

చానళ్లకు, స్టూడియోలకు, ఫిల్మ్ సంస్థలకు, ప్రభుత్వ కార్యాలయాలకు మా విన్నపం ఒకటి. మానిటర్లను స్క్రాప్ లాటు నుంచి వేరు చేయండి. వేలం నోటీసులో ప్రతి మానిటర్‌కూ పూర్తి మోడల్ పేరు, గంటల లెక్క, ఉన్న కార్డులు, కంట్రోల్ ప్యానెల్, పవర్ కేబుల్ వివరాలు రాయండి. తనిఖీ రోజున గంటసేపు కలర్ బార్లతో వెలిగించి చూపండి. దీనికి ఒక టెక్నీషియన్‌కు ఒక పూట చాలు. నిజంగా చచ్చిన ట్యూబుల గాజులో సీసం ఉంటుంది కాబట్టి వాటిని పాత సామాన్ల బండికి ఇవ్వకండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం పెద్ద సంస్థలు వాటిని నమోదైన ఉత్పత్తిదారుకో, రీఫర్బిషర్‌కో, రీసైక్లర్‌కో మాత్రమే అప్పగించాలి.

ఇట్లు,
కొందరు వీడియో సామగ్రి సర్వీసింగ్ టెక్నీషియన్లు,
హైదరాబాద్