గుమ్మడికాయ సంగతి

తల్లిదండ్రులకు నమస్కారం.

రెండు రోజులుగా గ్రూపులో వాయిస్ మెసేజ్‌లు తిరుగుతున్న గుమ్మడికాయ గురించి నేనే చెప్పేస్తాను. ఒకటి, రెండు తరగతుల పిలకాయల్ని ఇంట్లో అలంకరణకు పెట్టుకున్నది ఏదైనా ఒకటి తెచ్చి దాని కథ చెప్పమన్నాం. మంగళవారం ఒకటో తరగతి బుడ్డోడొకడు కుర్చీ ఎక్కి, కత్తెరతో తాడు కోసి, గుమ్మానికి కట్టిన దిష్టి గుమ్మడికాయనే సంచిలో వేసుకొచ్చాడు. అప్పటికే లోపల మెత్తబడిన కాయ, బల్ల మీద పెట్టగానే అడుగు ఊడి నీళ్లన్నీ హాజరు పట్టీ మీదకి కారాయి. వాసన గురించి చెప్పను. మధ్యాహ్నానికల్లా వాళ్ల అవ్వ వచ్చి “ఇంటి దిష్టంతా బడికి మోసుకొచ్చావు కదరా” అని తల పట్టుకుంది. మర్నాడు నలుగురు బడికి రాలేదు. ఫినాయిల్‌తో రెండుసార్లు కడిగించాం, ఏ దిష్టీ లేదు, దయచేసి పంపించండి.

ఏం తేకూడదో రాయకపోవడం మా తప్పే. వాడు కుర్చీ ఎక్కి దిగేదాకా పెద్దవాళ్లెవరూ చూడలేదంటే... సరే, పొద్దున పూట హడావిడి నాకూ తెలుసు.

వాడు చెప్పిన కథ మాత్రం వినాల్సిందే. “వచ్చేవాళ్ల కళ్లు ముందు కాయ మీద పడతాయి, మా మీద పడవు. కుళ్లిపోతే అవ్వ అమావాస్యకి కొత్తది కడుతుంది.” ఆరేళ్ల వాడు! రెండో తరగతి పాప ఉదయగిరి చెక్క చెంచా తెచ్చి, పిడి మీది చెక్కుడు పువ్వుని వేలితో తడుముతూ, “తినడానికి చేస్తే మా నాన్న గోడకి ఎందుకు కొట్టాడు?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ముగ్గుల గురించి చెప్పకుండా ఉండలేను. ఏడు చుక్కలు, సందు చుక్క, నాలుగు వరకు. మధ్య వరస 7, అటూ ఇటూ 6, 5, 4. మొత్తం ఎన్నో చెప్పమంటే ఒక పిల్ల కాగితం ముట్టకుండా 37 అంది, వాళ్ల జేజితో రోజూ వాకిట్లో పెడుతుందంట! ఎక్కాల పుస్తకం కొనిపెట్టి, ఇంటి ముందు స్టిక్కర్ ముగ్గు అంటించే వాళ్లని ఏమనాలి? ఆ స్టిక్కర్‌లో పిల్లలు లెక్కపెట్టడానికి చుక్కలేవండీ?

ఇంకో మాట. పదకొండు మంది తెచ్చిన చార్టులు అమ్మల చేతిరాతలో ఉన్నాయి. చాలా అందంగా ఉన్నాయి, థ్యాంక్స్. పిలకాయలకి మాత్రం అందులో ఒక్క ముక్క నోరు తిరగలేదు.

ఫీజులకి శనివారం ఆఖరు, బస్సు సోమవారం నుంచి పది నిమిషాలు ముందొస్తుంది.

మిగిలిన వాళ్ల వంతు వచ్చే శుక్రవారం. కొండపల్లి బొమ్మలైతే పాత గుడ్డలో చుట్టి పంపండి, వాటిని చేసే తెల్ల పొణికి తేలిక చెక్క, టిఫిన్ క్యారియర్ కింద నలిగితే ఏనుగుకి తొండం మిగలదు. గుమ్మానికి కట్టినవి వద్దు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు