అలారం యూనిట్ మార్చే ముందు ఎర్త్ చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

అర్ధరాత్రి సెల్లార్‌లో ఏదో ఒక కారు అలారం కుయ్ కుయ్‌మని మొదలుపెడుతుంది. ఓనరు కిందికి దిగి రిమోట్ నొక్కితే ఆగుతుంది. ఆయన మళ్లీ మంచమెక్కేలోపు ఇంకోసారి అందుకుంటుంది. నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. ఈ సైరన్లు 100 పైమాటే.

కారుతోపాటు కంపెనీ నుంచి వచ్చిన అలారాలతో ఈ బాధ తక్కువ. బయట షాపులో బిగించుకున్నవే ఎక్కువగా మొండికేస్తాయి. చాలా షాపుల్లో దీనికి ఒకటే మందు: ‘యూనిట్ పోయింది సార్, కొత్తది వేద్దాం’. కొత్త యూనిట్ (అలారాన్ని నడిపే పెట్టె) తెచ్చి మళ్లీ ఆ పాత జాయింట్లకే తగిలిస్తారు. నాలుగు నెలలకు కథ మొదటికి వస్తుంది. చాలా కార్లలో నిజంగా చెడేది యూనిట్ కాదు, దాని ఎర్త్ (కరెంటు కారు బాడీ ద్వారా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి), జాయింట్లు, డోర్ స్విచ్‌లు. అందులోనూ మన విశాఖలో సముద్రపు ఉప్పుగాలి తగిలే బీచ్ రోడ్, లాసన్స్ బే కాలనీ, సాగర్ నగర్ వైపు కార్లలో మొదట అనుమానించాల్సింది ఎర్త్‌నే.

యూనిట్ నుంచి వచ్చే నల్ల వైరును డ్యాష్‌బోర్డు కింద అందిన స్క్రూకి చుట్టేసి బిగించడం మన దగ్గర అలవాటు. ఆ స్క్రూ కింద పెయింటు ఉంటుంది. కొత్తలో స్క్రూ మరల ద్వారా ఎలాగో కరెంటు వెళుతుంది. ఒక వానాకాలం గడిచేసరికి మరల్లో తుప్పు, రాగి తీగ మీద పచ్చటి చిలుము చేరతాయి. 20 వాట్ల సైరన్ మోగేటప్పుడు సుమారు 1.7 ఆంపియర్లు తీసుకుంటుంది. ఆ కరెంటు అదే ఎర్త్ ద్వారా వెళ్లే కార్లలో, అక్కడ ఒక్క ఓమ్ అడ్డు వచ్చినా ఒకటిన్నర వోల్టుల దాకా దారిలోనే పోతాయి. సైరన్ గొంతు పెగలగానే యూనిట్‌కు వోల్టేజి పడిపోతుంది, అది రీసెట్ అవుతుంది, తిరిగి లేచి మళ్లీ మోగుతుంది. చూసేవాళ్లకు యూనిట్‌కు పిచ్చెక్కినట్టే ఉంటుంది.

పరీక్ష ఐదు నిమిషాల పని. మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీలో పెట్టి, నల్ల ప్రోబ్ బ్యాటరీ నెగటివ్ మీద, ఎర్రది యూనిట్ కప్లర్ (వైర్ల ప్లగ్గు)లోని నల్ల వైరు మీద ఆనించి సైరన్ మోగించండి. 0.1 వోల్టు లోపు ఉంటే ఎర్త్ బాగున్నట్టు. అర వోల్టు చూపిస్తే యూనిట్ జోలికి వెళ్లకండి. బాడీ మీద రూపాయి బిళ్లంత మేర ఎమరీ పేపర్‌తో ఇనుము మెరిసేదాకా గీకి, వైరు చివర రింగు లగ్గు (కన్నం ఉన్న రేకు) క్రింప్ చేసి, అంటే నొక్కి బిగించి, పళ్ల వాషరుతో బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూయాలి. జెల్లీ బిగించాకే, ముందు కాదు.

పాజిటివ్ వైపు సంగతి వేరు. నాలుగు ఇండికేటర్ బల్బులు ఒక్కోటి 21 వాట్లు, అంటే వెలిగిన ప్రతిసారీ 7 ఆంపియర్లు. చాలా సెట్లలో ఆ కరెంటంతా యూనిట్ రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) గుండానే పోతుంది. దానికి మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు చాలదు. ఎండకు టేపు జిగురు కారిపోయి ఊడుతుంది, జాయింటు వేడెక్కుతుంది. అక్కడ సోల్డర్ చేసి హీట్ స్లీవ్ వేయాలి, లేదా మంచి క్రింప్ వేయాలి. ఫ్యూజు బ్యాటరీకి దగ్గరలోనే ఉండాలి. అది పోతే కిట్‌తో వచ్చినంత రేటింగుదే వేయాలి. 15 ఆంపియర్ల చోట 30 వేయడమంటే వైరునే ఫ్యూజుగా వాడటం.

ఊరికే మోగుతోందంటే షాక్ సెన్సార్ (కారు అదురును పసిగట్టేది) కప్లర్ పీకి ఒక రాత్రి వదిలేయండి. మోగలేదంటే సెన్సార్ సంగతే. అది వైర్ల మధ్య వేలాడకుండా గట్టి బ్రాకెట్‌కు బిగించి ఉండాలి. దానిమీద సున్నితత్వం మార్చే చిన్న స్క్రూను కాస్త వెనక్కి తిప్పి, అరచేత్తో అద్దం మీద తట్టి చూడాలి. గాజువాకలో హైవే పక్క లారీలకు, నేవీ విన్యాసాల విమానాలకు అదిరే సెన్సార్‌ను తగ్గించాల్సిందే. సెన్సార్ పీకినా మోగితే డోర్, డిక్కీ, బోనెట్ స్విచ్‌లు. వీటిలో బోనెట్ పిన్నుది అందరికంటే పాడు బతుకు: నీళ్లు, బురద, ఇంజను వేడి అన్నీ దానికే. లోపల తడి తుప్పు పట్టిందంటే బోనెట్ మూసి ఉన్నా తెరిచినట్టు యూనిట్‌కు సిగ్నల్ వెళుతుంది. తెల్లవారుజామున మంచు తడికే మోగే కార్లలో ముందు చూడాల్సింది ఇదే. పిన్ను కొత్తది వేయించండి, గీకితే నిలవదు.

కొన్నిసార్లు అలారం అసలు పలకదు. అప్పుడు ముందు వాలే స్విచ్ (అలారాన్ని తాత్కాలికంగా ఆపి ఉంచేది) చూడండి. సర్వీసింగ్‌కు ఇచ్చినప్పుడు ఎవరో దాన్ని నొక్కి వదిలేస్తే ఎల్ఈడీ మినుకుమనకుండా నిలకడగా వెలుగుతుంది. రిమోట్‌లో సీఆర్2032 సెల్ 2.8 వోల్టుల కంటే తక్కువుంటే మార్చి, లోపలి రేకులను పెన్సిల్ రబ్బరుతో రుద్దితే చాలు. సైరన్ మూతి కిందికి చూస్తుండాలి, పైకి ఉంటే వాన నీరు నిలుస్తుంది.

షిప్పుల మీదికి వెళ్లి నెలల తరబడి కారు వదిలేసేవారు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. కారు మొత్తం లాగే కరెంటు 50 మిల్లీ ఆంపియర్లు ఉన్నా నెలకు 36 ఆంపియర్ అవర్లు. చిన్న కార్లలో చాలావాటికి ఉండేది 35 ఆంపియర్ అవర్ బ్యాటరీయే. ఆ కరెంటును కొలవాలంటే మీటరును 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి బ్యాటరీ నెగటివ్‌కూ దాని తీగకూ మధ్యలో కలిపి, డోర్లు మూసి అరగంట ఆగాక చూడాలి. ఆ సమయంలో ఇగ్నిషన్ ఆన్ చేస్తే మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది. మూణ్నాలుగు వారాలకు మించి కదలని కారుకు బ్యాటరీ నెగటివ్ తీసేయడమే మేలు. అలారం ఉండదు నిజమే, కానీ బ్యాటరీ చచ్చినా ఎలాగూ ఉండదు.

దొంగ స్టార్ట్ చేయకుండా ఆపే స్టార్టర్ కట్ రిలే పెట్టించుకున్నవారికి ఒక మాట. కారు స్టార్ట్ కాకపోతే నేరం సెల్ఫ్ మోటారు మీదికి పోతుంది, తప్పు ఆ రిలేలో మామూలుగా కలిసి ఉండాల్సిన 30, 87ఏ పిన్నుల మధ్య ఉంటుంది. నడుస్తున్న కారులో ఇంజను ఆపేలా ఆ కట్ పెట్టించుకోవద్దు. పసుపు స్లీవ్ వైర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి జోలికి ఎవరినీ పోనివ్వకండి.

బిగించే షాపులను కోరేది కూడా ఒకటుంది. ఏ రంగు వైరు ఎక్కడ కలిపారో, ఎర్త్ ఎక్కడ తీశారో, ఫ్యూజు, రిలే ఎక్కడ దాచారో బిల్లు వెనక నాలుగు లైన్లు రాసివ్వండి. రెండో మెకానిక్ డ్యాష్‌బోర్డు మొత్తం విప్పే పని తప్పుతుంది.

ఇట్లు,
కొందరు ఆటో ఎలక్ట్రీషియన్లు,
విశాఖపట్నం