రంగస్థల దుస్తుల రూపకర్తల సంఘం: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన పనంతా దాదాపు ఒక్క విషయం చుట్టూనే తిరిగింది: ఆది (ఒంటి కొలతలు) ఎలా తీసుకోవాలి? ఒక నృత్యనాటకానికి మనం కుట్టిన రవిక ట్రయల్‌లో చక్కగా అమరింది. వేదిక మీద నర్తకి రెండు చేతులూ పైకెత్తగానే చంక దగ్గర పిగిలిపోయింది. పాపం, ఆ టెన్షన్‌లోనే ఆమె చివరిదాకా ఆడింది. మనం ఆమెను నిలబెట్టి కొలిచాం, ఆడించి కొలవలేదు.

అందుకే శిక్షణ తరగతుల్లో పద్ధతి మార్చాం. నిలబడినప్పుడు, కూర్చున్నప్పుడు, వంగినప్పుడు, చేతులెత్తినప్పుడు కొలతలు విడివిడిగా రాస్తున్నాం. వీపు కొలత ఎంత మారుతుందో చూసి చేయి తిరిగిన సభ్యులు కూడా ఆశ్చర్యపోయారు. చంక కింద డైమండ్ ఆకారంలో ముక్క వేస్తే చేయి ఎత్తినా నడుం దగ్గర బట్ట పైకి లాగదు. ఇకపై ముందు కోరా గుడ్డతో కచ్చాగా కుట్టి, వేదిక మీద వేసుకునే చెప్పులతో సహా సన్నివేశమంతా చేయించాలి. ఆ తర్వాతే అసలు గుడ్డకు కత్తెర పెట్టాలి. ఇది సంఘం తీర్మానం.

లైట్ల కింద రంగులు చూసే తరగతి ఒకటి జరిగింది. ఆకుపచ్చ గుడ్డ ఎర్ర లైటు కింద నల్లగా కనిపిస్తుందని పుస్తకంలో చదవడం వేరు, కళ్లారా చూడడం వేరు.

అగ్ని భద్రత మీద చర్చ చాలాసేపు సాగింది. 1862లో పారిస్ ఒపేరా రిహార్సల్‌లో ఎమ్మా లివ్రీ అనే నర్తకి పావడాకు గ్యాస్ దీపం అంటుకుంది. ఎనిమిది నెలల తర్వాత ఆమె చనిపోయింది. మంట అంటుకోకుండా మందు పట్టించిన గుడ్డ అప్పటికే ఉంది, కానీ బిరుసుగా ఉంటుందని ఆమె వద్దంది. ఆమెను తప్పుపట్టలేం. గుడ్డ తేలిగ్గా కదలాలని ఏ నర్తకైనా కోరుకుంటుంది. కదలికా పోకుండా, ప్రాణానికీ ముప్పు లేకుండా కుట్టివ్వడం మన బాధ్యత. దీపాలు, కాగడాలు ఉన్న సన్నివేశాలకు దుస్తులకు వేలాడే పొడవాటి చేతులు, గాలిలో తేలే నెట్ గుడ్డ పెట్టేముందు దర్శకులతో తప్పక మాట్లాడండి.

గబగబా మార్చుకునే దుస్తులకు వెల్క్రో బదులు ప్రెస్ బటన్లు మేలని తేలింది. నిశ్శబ్ద సన్నివేశంలో వెల్క్రో చప్పుడు చివరి వరుసదాకా వినిపిస్తుంది.

వచ్చే ఏడాది చెమట సమస్య మీద పనిచేస్తాం. విడిగా తీసి ఉతుక్కునే నూలు లైనింగ్ నమూనాలు ఇప్పటికే మొదలయ్యాయి. జమాఖర్చుల పట్టిక జతచేశాం. సంఘం డమ్మీలు తీసుకెళ్లినవారు సర్వసభ్య సమావేశంలోపు తిరిగి ఇవ్వగలరు.

కార్యదర్శి